రాజమండ్రి–కాకినాడ మధ్య బీఆర్‌టీఎస్ వేస్తే: ఎంత మేర, ఏ దారి, ఎలాంటి బస్సు

రాజమండ్రి నుంచి కాకినాడ వెళ్లే బస్సుకి పొలాల మధ్య పెద్దగా ఆలస్యం ఉండదు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లోంచి బయటపడి ఊరు దాటేదాకా ఒకసారి, అవతల సర్పవరం జంక్షన్ నుంచి కాకినాడ కాంప్లెక్స్ చేరేదాకా ఇంకోసారి ఈడుస్తుంది. ఈ రెండు ఊళ్ల మధ్య బీఆర్‌టీఎస్ (బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్ సిస్టం, అంటే బస్సులు వేగంగా పోయేందుకు ప్రత్యేక దారి వేసే పద్ధతి) గురించి ఎవరేం చెప్పినా ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకుని వినాలి. అరవై కిలోమీటర్లకు పైచిలుకు దూరం కాబట్టి అరవై కిలోమీటర్లూ బస్సు లైను వేయాలని అనుకోవడం సహజమే. కానీ డబ్బు పొలాల మధ్య పెడితే ఊళ్లలో పోయే టైము మిగలదు.

బీఆర్‌టీఎస్ అన్నాక నాలుగు కలిసి రావాలి. బస్సుకి మాత్రమే వదిలిన లైను, బస్సు ఫ్లోరుకి సమానమైన ఎత్తులో ప్లాట్‌ఫాం, ఎక్కకముందే టికెట్, సిగ్నల్ దగ్గర బస్సుకి ముందు వరస. ఫొటోలో బాగా కనిపిస్తుంది కాబట్టి అందరి చూపూ లైను మీదే ఉంటుంది. పల్లెవెలుగు ఎక్కేవాళ్లకు మిగతా మూడింటి విలువ బాగా తెలుసు. స్టేజీ దాటేలోపు టికెట్లు పూర్తికాక కండక్టర్ బస్సుని పక్కన ఆపించడం, ఎత్తు మెట్లు ఎక్కలేక పెద్దవాళ్లు అవస్థపడటం, దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఒకే తలుపు దగ్గర తోసుకోవడం రోజూ చూసేవే. రోడ్డు వెడల్పు అంగుళం పెంచకుండా ఈ ఆలస్యం తగ్గించవచ్చు.

పక్కపక్క ఊళ్ల మధ్య బీఆర్‌టీఎస్ అంటే మన దేశంలో ముందు చూడాల్సింది హుబ్బళ్లి–ధార్వాడ. 22 కిలోమీటర్ల దారి. బస్సులు 2018 అక్టోబరులో రోడ్డెక్కాయి, లాంఛనంగా ప్రారంభం 2020 ఫిబ్రవరిలో జరిగింది. ఖర్చు దాదాపు 970 కోట్ల రూపాయలు. అక్కడ స్టేషన్ల దగ్గర బస్సుకి రెండో లైను ఉంది. దాంతో ఆగకుండా వెళ్లే బస్సు, ఆగిన బస్సుని దాటేసి పోతుంది. దూరం వెళ్లేవాళ్లకీ మధ్యలో దిగేవాళ్లకీ ఒకే దారి పనికొచ్చేది అందువల్లే. కాకపోతే ఆ వసతికి రోడ్డు వెడల్పు సుమారు 35 మీటర్లు, స్టేషన్ల దగ్గర 44 మీటర్ల దాకా కావాల్సి వచ్చింది.

మన ఊళ్లతో పోల్చేటప్పుడు రెండు తేడాలు మర్చిపోకూడదు. హుబ్బళ్లి, ధార్వాడ మధ్య ఇళ్లు, కాలేజీలు, ఆఫీసులు దాదాపు తెగకుండా ఉంటాయి. మనకు మధ్యలో వరిచేలున్నాయి. రెండోది, ఆ రెండు ఊళ్లకీ 1962 నుంచి ఒకటే కార్పొరేషన్. ఇక్కడ 2022 ఏప్రిల్ నుంచి రాజమండ్రి ఒక జిల్లా, కాకినాడ ఇంకో జిల్లా. కార్పొరేషన్లు రెండు, కలెక్టర్లు ఇద్దరు. దానికి తోడు హైవే వాళ్లు, ఆర్ అండ్ బీ, జలవనరుల శాఖ, ఆర్టీసీ. ఫైలు ఏ టేబుల్ మీద ఆగిందో కనుక్కోవడానికే ఒక మనిషి కావాలి. హుబ్బళ్లి–ధార్వాడలో దీనికోసమే వేరే కంపెనీ పెట్టారు. ఇక్కడా ఎవరైనా బీఆర్‌టీఎస్ ప్లాన్ చూపిస్తే, సంతకం పెట్టేది ఎవరని మొదట అడగండి.

చేదు అనుభవాలకూ కొదవలేదు. ఢిల్లీలో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్లు 2008లో మొదలుపెట్టి 2016లో పీకేశారు. ఇండోర్‌లో 2013లో మొదలైన దారిని తీసేయడానికి 2025 ఫిబ్రవరిలో హైకోర్టు ఒప్పుకుంది. మన రాష్ట్రంలో విశాఖ పెందుర్తి, సింహాచలం కారిడార్లున్నాయి. విజయవాడలో బీఆర్‌టీఎస్ రోడ్డు అనే పేరు మిగిలింది గానీ, బస్సు దారిగా అది నిలబడలేదు. అహ్మదాబాద్‌లో మాత్రం 2009 నుంచి నడుస్తూనే ఉంది. ఢిల్లీలో ఎర్రటి ఎండలో కార్లు, బైకులు కదలక నిలబడి ఉంటే పక్కన బస్సు లైను ఖాళీగా కనిపించడం జనానికి ఒళ్లు మండేలా చేసింది. లైనులో బస్సుల వరస కనబడకపోతే ఏ ఊళ్లోనూ జనం ఊరుకోరు.

ఎంత మేర వేయాలి

లెక్క సులువుగా ఉండేందుకు మొత్తం దూరం 62 కిలోమీటర్లు అనుకుందాం. అందులో రెండు ఊళ్ల రద్దీ భాగం కలిపి 12. ఆ 12 కిలోమీటర్లు గంటకు 15 చొప్పున నడిస్తే 48 నిమిషాలు. బస్సు లైను, సిగ్నల్‌లో ముందు వరస ఇచ్చి వేగం 24కి తెస్తే 30 నిమిషాలు. మిగిలింది 18 నిమిషాలు. ఇక మధ్యలో ఉన్న 50 కిలోమీటర్లు. గంటకు 45 చొప్పున అయితే 67 నిమిషాలు. ప్రత్యేక లైను వేసి 55 చేసినా 55 నిమిషాలు పడుతుంది. మిగిలేది 12. హుబ్బళ్లి–ధార్వాడ ఖర్చు కిలోమీటరుకి 44 కోట్లు పడింది. ఆ లెక్కన 18 నిమిషాలు మిగిల్చే ముక్కకి 530 కోట్లు, 12 నిమిషాలు మిగిల్చే ముక్కకి 2,200 కోట్లు. మన దగ్గర ధరలు అటూ ఇటూ మారినా ఈ నిష్పత్తి పెద్దగా మారదు.

ఖాళీ లైను సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. రెండు నిమిషాలకొక బస్సైనా, అంటే గంటకు 30, పోని చోట నేను ప్రత్యేక లైను అడగను. బస్సుకి 50 మంది చొప్పున అది గంటకు 1,500 మంది. రంగంపేట దగ్గరో బిక్కవోలు దగ్గరో అన్ని బస్సులు ఎక్కణ్నుంచి వస్తాయి? కాకినాడ ఊళ్లోకి వచ్చేసరికి కథ వేరు. రాజమండ్రి, పెద్దాపురం, జగ్గంపేట, సామర్లకోట బస్సులన్నీ ఒకే రోడ్డు మీదికి చేరతాయి. లోకల్ బస్సులు, కాలేజీ బస్సులు కూడా కలిస్తే లైను నిండుగానే ఉంటుంది. కాలేజీ బస్సులకు ఆ లైనులో చోటివ్వాలా వద్దా అని వాదించే ఇంజినీర్లున్నారు. నేనైతే ఇవ్వాలనే అంటాను.

పొలాల మధ్య ప్రత్యేక లైను వద్దనడానికి ఇంకో కారణం ఉంది, నవ్వులాటగా అనిపించినా నిజమే. సార్వా, దాళ్వా కోతలప్పుడు మన రోడ్ల మీద సగం దాకా ధాన్యం ఆరబోసి ఉంటుంది. బళ్లు రాని నున్నటి కాంక్రీటు లైను కిలోమీటర్ల కొద్దీ పరిచిపెడితే, మొదటి పంటకే అది కళ్లమైపోతుంది. రైతుని తప్పుపట్టడానికి లేదు, ఆరబోసుకోవడానికి ఆయనకి వేరే చోటు ఎవరిచ్చారు?

కాబట్టి నా ఓటు రెండు చివర్ల బీఆర్‌టీఎస్‌కి. మధ్యలో బస్సు మామూలు రోడ్డు మీదే పోతుంది. పెద్ద జంక్షన్లలో మాత్రం ఆగకుండా దాటే ఏర్పాటు చాలు.

ఏ దారి

దారులు మూడున్నాయి. మొదటిది జనం ఏడీబీ రోడ్డు అనేది. రాజానగరం దాకా జాతీయ రహదారి, అక్కడ మళ్లి రంగంపేట, పెద్దాపురం వైపుగా సామర్లకోట, కాకినాడ. రెండోది కెనాల్ రోడ్డు: వేమగిరి, కడియం, ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు, సామర్లకోట. మూడోది మండపేట, రామచంద్రపురం మీదుగా కాకినాడ.

జనం కోసమే చూస్తే కెనాల్ రోడ్డుకి ఎదురులేదు. కడియం నర్సరీలు, ద్వారపూడి బట్టల మార్కెట్, అనపర్తి చుట్టుపక్కల కోళ్లఫారాలు, రైసు మిల్లులు. నాలుగడుగులకో ఊరు, ఊరూరా ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు. కానీ రోడ్డుకి ఒక పక్క కాలువ, ఇంకో పక్క ఇళ్లో పొలాలో. వెడల్పు చేయాలంటే కాలువలోకి జరగాలి, లేదా ఇళ్లు తీయాలి. పైగా ఆ దారి పక్కనే రైలు పట్టాలు పోతున్నాయి. కడియం, ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు, మేడపాడు అన్నిటికీ స్టేషన్లున్నాయి. చెన్నై–హౌరా మెయిన్ లైను కావడంతో ప్యాసింజరు బండిని లూప్ లైనులో పెట్టి ఎక్స్‌ప్రెస్‌లను ముందు వదులుతారు. అందుకే జనం బస్సుకి మళ్లారు. ఈ ఊళ్లకి నిజంగా మేలు చేయాలంటే పొద్దున, సాయంత్రం టైముకి నడిచే మెమూలు, అంటే దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే కరెంటు రైళ్లు, అడగాలి. కాలువ గట్టు తవ్వి బస్సు లైను వేయడం కంటే అది చవకలో అయ్యే పని. నేను కెనాల్ రోడ్డుని బీఆర్‌టీఎస్ జాబితాలోంచి తీసేస్తాను. అక్కడ ఇప్పుడున్న పల్లెవెలుగులు ఉండాలి, ఇంకా పెరగాలి.

రామచంద్రపురం దారి కూడా జనమున్న దారే. మండపేట, రామచంద్రపురం రెండూ మున్సిపాలిటీలు, ద్రాక్షారామం యాత్రికులు వేరే. రోడ్డు మాత్రం ఊళ్ల నడిబొడ్డులోంచి పోతుంది, బజారుకీ రోడ్డుకీ తేడా తెలియదు. ఆ పక్కనే కాకినాడ–కోటిపల్లి రైలు మార్గం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పట్టాలు పీకేస్తే 2004లో మళ్లీ వేశారు. దాని మీద కొన్నాళ్లు రైలుబస్సు కూడా నడిపారు. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జి దగ్గర మూతపడిన రైలు మార్గాన్ని 2011లో బస్సు దారిగా మార్చారు కదా, ఇక్కడా అలా చేస్తే ఏం అని కొందరికి ఆలోచన రావచ్చు. వద్దు. కోటిపల్లి నుంచి నర్సాపురం దాకా ఆ లైనుని పొడిగించే పని సాగుతోంది, గౌతమి మీద స్తంభాలు కూడా లేచాయి. కోనసీమకి రైలు తెచ్చే దారిని బస్సు కోసం తెంచుకోవడం తెలివితక్కువ.

మిగిలింది ఏడీబీ రోడ్డు. ఊళ్లు తక్కువ, మలుపులు తక్కువ, నేల మెట్ట. రాజానగరంలో నన్నయ విశ్వవిద్యాలయం, దారికి దగ్గర్లో సూరంపాలెం కాలేజీలు. ఆగకుండా పోయే బస్సుకి సరిపోయే దారి ఇదే. దీన్ని రెండు చివర్ల బీఆర్‌టీఎస్‌తో కలపడమే నేను చెప్పేది. ఇటు రాజమండ్రి కాంప్లెక్స్ నుంచి లాలాచెరువు దాటేదాకా, అటు సామర్లకోట నుంచి కాకినాడ కాంప్లెక్స్ దాకా.

డబ్బు ఒక్క చోటుకే ఉంటే సామర్లకోట–కాకినాడ ముక్క ముందు. మెయిన్ లైనులో పోయే రైళ్లకి కాకినాడ జనం దిగేది సామర్లకోటలోనే. అక్కణ్నుంచి ఆటోవాళ్లతో బేరం, లేదా బస్సు కోసం ఎదురుచూపు. మాధవపట్నం, సర్పవరం, జేఎన్‌టీయూ ఉన్న నాగమల్లితోట, భానుగుడి, ఆ పైన కాంప్లెక్స్. ఊరు తెగకుండా ఉంది, జనం రెండు వైపులా పోతారు, తెల్లవారుజామున కూడా పోతారు. హుబ్బళ్లి–ధార్వాడకి మన దగ్గర పోలిక ఉందంటే ఈ ముక్కకే ఉంది, అదీ అంతకంటే తక్కువ దూరంలో.

రాజమండ్రి వైపు అంత తేలిక కాదు. జాతీయ రహదారి మీద లైను అడిగితే హైవే వాళ్లు ఒప్పుకోవాలి, సర్వీసు రోడ్డులో వేస్తే షాపుల ముందు పార్కింగ్ పోతుంది. ఇక్కడ పూర్తి బీఆర్‌టీఎస్ వద్దు. కాంప్లెక్స్ నుంచి హైవే ఎక్కేలోపు ఉన్న జంక్షన్లలో బస్సుకి చిన్న చిన్న ముక్కలుగా లైను, సిగ్నల్‌లో ముందు వరస చాలు. 2027 పుష్కరాల పేరు మీద ఎలాగూ రోడ్లు తవ్వుతారు. అప్పుడే ఇదీ కలిపేసుకుంటే రెండోసారి తవ్వక్కర్లేదు.

తలుపు ఎటువైపు

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, దీన్ని తప్పుగా ఎంచుకుంటే మిగతా ప్లాన్ అంతా దండగ. రోడ్డు మధ్యలో స్టేషన్ కడితే రెండు వైపుల బస్సులకీ ఒకటే ప్లాట్‌ఫాం సరిపోతుంది, స్థలం కలిసొస్తుంది. కానీ మనం ఎడమ పక్కన నడుస్తాం కాబట్టి ఆ బస్సుకి కుడివైపు తలుపు కావాలి. అహ్మదాబాద్‌లో అలాగే చేశారు. కుడివైపు ఒక్క తలుపే ఉన్న బస్సు ఆ దారి దాటి బయటికి పోలేదు. పెద్దాపురంలో రోడ్డు పక్కన ఆగితే జనం దిగేది ట్రాఫిక్‌లోకే. ఇంకో చిక్కు ఎత్తు. ప్లాట్‌ఫాం ఎత్తుకి సరిపోయే బస్సు మామూలు స్టాపులో ఎక్కడానికి ఎత్తవుతుంది.

నేను చెప్పిన ప్లాన్‌లో బస్సు కొంత దూరం బీఆర్‌టీఎస్‌లో, మిగతాది మామూలు రోడ్డులో నడుస్తుంది. కాబట్టి రెండు దారులే ఉన్నాయి. ఒకటి, రెండు వైపులా తలుపులున్న బస్సులు కొనడం. సీట్లు కొన్ని తగ్గుతాయి, ధర పెరుగుతుంది, పాత బస్సులేవీ ఆ స్టేషన్లలో పనికిరావు. రెండోది, స్టేషన్లని ఎడమవైపే పెట్టి, ఎదురెదురుగా కాకుండా కాస్త ముందూ వెనకా కట్టడం. అప్పుడు ఆర్టీసీ దగ్గరున్న ఏ బస్సైనా ఆ లైనులోకి వస్తుంది. జగ్గంపేట పల్లెవెలుగు, కాలేజీ బస్సు, అంబులెన్స్ అన్నీ వాడుకుంటాయి. నాది రెండోదే. లైను నిండుగా కనిపించాలంటే పాత బస్సులకి తలుపు మూసే డిజైన్ పనికిరాదు.

రోడ్డు అంచున లైను వేస్తే మాత్రం షేర్ ఆటోలు, తోపుడుబళ్లు ఎక్కేస్తాయి. అందుకే లైను మధ్యలోనే ఉండాలి. లైనుకి ఎడమ పక్కన సన్నటి ప్లాట్‌ఫాం, దానికవతల మామూలు ట్రాఫిక్. దాటడానికి ఎత్తు పెంచిన జీబ్రా, సిగ్నల్. ఫుట్‌ఓవర్ బ్రిడ్జి కడతామంటే ఒప్పుకోవద్దు, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ దాన్ని ఎక్కదు. షేర్ ఆటోలని తరిమేయకుండా స్టేషన్ వెనక వాటికో స్టాండు ఇవ్వాలి. లోపలి ఊళ్ల నుంచి జనాన్ని తెచ్చేది వాళ్లే.

టికెట్

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా మహిళలకు ప్రయాణం ఉచితం. నాన్‌స్టాప్ బస్సులకి అది వర్తించదు. కొత్త బీఆర్‌టీఎస్ బస్సుని ఏ కేటగిరీలో పెడతారన్నది కాబట్టి పెద్ద నిర్ణయం. ఏసీ వేసి, నాన్‌స్టాప్ అని పేరు పెట్టి విడిగా తీస్తే, ఆడవాళ్లు పాత ఎక్స్‌ప్రెస్‌లోనే కిక్కిరిసి పోతారు, కొత్త బస్సు సగం ఖాళీగా తిరుగుతుంది. సామర్లకోట–కాకినాడ బస్సుల్ని ఉచితం వర్తించే మెట్రో ఎక్స్‌ప్రెస్ కేటగిరీలోనే ఉంచాలి, రాజమండ్రి దాకా పోయేవాటిలో కొన్ని ఎక్స్‌ప్రెస్‌గా, కొన్ని నాన్‌స్టాప్‌గా. ఉచిత టికెట్ అయినా స్టేషన్‌లోనే ఇచ్చేస్తే బస్సు ఆగే టైము తగ్గుతుంది. కరెంటు బస్సుల కోసం కేంద్రం 2023లో తెచ్చిన పీఎం ఈ-బస్ సేవ 3 లక్షల జనాభా దాటిన ఊళ్లకి వర్తిస్తుంది. 2011 లెక్కల్లోనే మన రెండు ఊళ్లూ అది దాటాయి.

నేల, నీళ్లు

మెట్టలో వేసిన రోడ్డు వేరు, డెల్టా నల్లమట్టి మీద వేసిన రోడ్డు వేరు. ఆ మట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. మామూలు రోడ్డులో బళ్లు అటూ ఇటూ నడుస్తాయి. బస్సు లైనులో మాత్రం అన్ని బస్సులూ ఒకే గాడిలో పోతాయి, తారు రెండేళ్లు తిరక్కుండానే గుంటపడుతుంది. స్టేషన్ దగ్గర బ్రేకులు పడే చోట మరీనూ. కాబట్టి కాకినాడ ముక్కలో కనీసం స్టేషన్ల ముందైనా కాంక్రీటు వేయాలి, కింద మట్టి మార్చాలి, నీళ్లు పోయే దారి ముందే చూడాలి. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 1986లో మొదలైన 12 కిలోమీటర్ల బస్సు దారికి ఇదే ఇబ్బంది వచ్చింది. నది పక్కన మెత్తటి ఒండ్రు నేల కావడంతో నేలలోకి స్తంభాలు దింపి వాటి మీద కాంక్రీటు పట్టీలు పరిచారు. అంత ఖర్చు మనకి అక్కర్లేదు, కానీ హైదరాబాద్ రోడ్డు ఎస్టిమేటు తెచ్చి కాకినాడకి అతికిస్తే కుదరదు.

బస్సు డిపో ఎక్కడన్నదీ చూడాలి. చార్జింగ్ పాయింట్లు, ట్రాన్స్‌ఫార్మర్లు పల్లంలో పెడితే ఒక్క తుఫానుకి బస్సులన్నీ ఆగిపోతాయి. కాకినాడలో సముద్రం వైపు కంటే సామర్లకోట, పెద్దాపురం వైపు మెరక నేల నయం. కాలువల మీద వంతెనలు వెడల్పు చేసే పని ఉంటే వేసవిలో కాలువ కట్టేసిన రోజుల్లోనే చేయాలి. జూన్‌లో నీళ్లు వదిలాక పిల్లర్ పని మొదలుపెడతామంటే రైతులు ఊరుకోరు, ఊరుకోవాల్సిన పని కూడా లేదు. టెండరు తేదీ దానికి తగ్గట్టు వెనక్కి లెక్కేసుకోవాలి.

అమలాపురం సంగతి

కాకినాడ–అమలాపురం మధ్య కూడా ఇలాంటిదే కావాలని కోనసీమవాళ్లు అడగడం న్యాయమే. అయితే ఆ దారి యానాం మీదుగా పోతుంది, అంటే పుదుచ్చేరి నేల దాటాలి. యానాం–ఎదుర్లంక వంతెన దాటాక రోడ్డు కొబ్బరి తోటల మధ్య ఇరుకు. బస్సు లైనుకి చోటు లేదు. అక్కడ అడగాల్సింది ఎక్కువ బస్సులు, మంచి స్టాపులు, నర్సాపురం రైలు త్వరగా.

ఏది ఎంచుకున్నా సిమెంటు పోసేముందు ఒకసారి రంగు వేసి చూడాలి. సర్పవరం నుంచి భానుగుడి దాకా గీతలు గీసి, ప్లాస్టిక్ స్తంభాలు పెట్టి, పొద్దున సాయంత్రం రద్దీ వేళల్లో బస్సుకి లైను వదిలి కొన్ని నెలలు నడపాలి. దానికి ఖర్చు చాలా తక్కువ. బస్సు టైము ఎంత తగ్గిందో, పక్క లైనులో కారు, బైకు టైము ఎంత పెరిగిందో రెండూ రాసి జనం ముందు పెట్టాలి. మొదలుపెట్టేది కాలేజీలు తెరిచాక, జూలై–ఆగస్టుల్లో అయితే అసలు రద్దీ, అసలు వాన రెండూ తెలుస్తాయి. సంక్రాంతి వారం అంకెలు మాత్రం వేరే కాగితం మీద రాసుకోవాలి. ఆ మూడు రోజులూ హైదరాబాద్ కార్లన్నీ ఇక్కడే ఉంటాయి కాబట్టి వాటిని సగటులో కలిపితే ఏ ప్లాన్ అయినా దండగగానే కనిపిస్తుంది.